గోడ మోసేదేమిటి? ఇంటి మార్పుల వాడుక సూత్రాలపై విమర్శ

ఇంటి గోడలను గూర్చి ప్రజలలో నాలుగు సూత్రాలు వాడుకలో ఉన్నవి. "తొమ్మిదంగుళాల గోడ బరువు మోస్తుంది, నాలుగున్నర అంగుళాల గోడ మోయదు" అనేది మొదటిది. "పైన లింటెలు వేస్తే ఎంత వెడల్పు ద్వారమైనా పెట్టవచ్చును" అనేది రెండవది. "అడ్డగోడ తీసివేస్తే ఇంటికి నష్టము లేదు" అనేది మూడవది. "ఇన్నేళ్ళు నిలిచిన ఇల్లు ఇప్పుడేమవుతుంది?" అనేది నాల్గవది. ఇంజనీరును పిలిచే అలవాటు లేనిచోట యజమాని, మేస్త్రీ కలిసి ఈ సూత్రాల ఆధారముతోనే గోడలు తొలుస్తారు, జరుపుతారు, కూల్చుతారు. ఇవి పూర్తిగా అబద్ధాలైతే ఎవరూ నమ్మకపోదురు. ప్రతిదానిలోను కొంత అనుభవసత్యము ఉన్నది. ఆ సత్యము ఎంతవరకు వర్తిస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అనేదే పరిశీలించవలసిన విషయము. పొరపాటు జరిగితే నష్టపోయేది ఆ కప్పు క్రింద నిద్రించేవారు గనుక ఈ పరిశీలన అవసరము.

మూడు రకాల ఇళ్ళు

ఈ పరిశీలనకు మణుగూరు తగిన స్థలము. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడేవరకు ఇది ఖమ్మం జిల్లాలోని ఊరు. గోదావరికి సమీపాన, భద్రాచలం అడవుల సరిహద్దులో ఉన్నది. సింగరేణి బొగ్గు గనులు, భారజల కర్మాగారము, తాపవిద్యుత్ కేంద్రము వచ్చి ఈ ప్రాంతపు జనజీవనాన్ని మార్చినవి. ఇళ్ళూ మారినవి. ఇప్పుడు ఈ ప్రాంతములో మూడు రకాల ఇళ్ళు కనిపిస్తాయి.

మొదటిది కోయగూడేలలోని కర్రగుంజల ఇల్లు. గుంజలు పాతి, వాటిమీద దూలము, వాసాలు వేసి, పైన గడ్డి గాని పెంకు గాని కప్పుతారు. వెదురు తడికెకు మట్టి మెత్తితే గోడ. కప్పు బరువును గుంజలు నేలకు దించుతాయి. గోడ గాలిని, వానను ఆపుతుంది. రెండవది మట్టితోనో ఇటుకతోనో గోడలు లేపి, వాటిమీదనే దూలాలు గాని కాంక్రీటు స్లాబు గాని ఆనించిన ఇల్లు. ఇక్కడ గోడే స్తంభము. మూడవది పిల్లర్ల ఇల్లు. పిల్లర్లు, బీములు కలిసి చట్రముగా నిలుస్తాయి. ఇటుక గోడను ఆ చట్రపు ఖాళీలలో నింపుతారు.

చూపులకు మూడవ రకము రెండవదానికి చుట్టమువలె కనిపిస్తుంది. రెంటిలోను ఇటుక, సిమెంటు ఉన్నవి గదా! సూత్రము దృష్ట్యా చూస్తే అది మొదటిదానికే దగ్గర చుట్టము. గుంజలు చేసే పనిని పిల్లర్లు చేస్తున్నవి, తడికె స్థానములో ఇటుక గోడ నిలిచినది. గోడ దేనితో కట్టారన్నది దాని ఉద్యోగాన్ని చెప్పదు. బరువు ఏ దారిన నేలకు దిగుతున్నదన్నదే చెబుతుంది. వాడుక సూత్రాలలోని లోపమంతా ఈ భేదాన్ని గుర్తించకపోవడములో ఉన్నది.

తొమ్మిదంగుళాల సూత్రము

ఈ సూత్రము రెండవ రకపు ఇంటినుంచి పుట్టినది. అక్కడ చాలవరకు నిజము కూడ. ఒక చిన్న లెక్క చూడవచ్చును. రెండు గదులు ప్రక్కప్రక్కన ఉన్నవి. ఒక్కొక్కదాని వెడల్పు 3.6 మీటర్లు, అనగా సుమారు 12 అడుగులు. నడుమ తొమ్మిదంగుళాల ఇటుక గోడ. దానిమీద ఇరువైపులనుంచి ఐదంగుళాల స్లాబు ఆనుతున్నది. ఘనమీటరు కాంక్రీటు సుమారు 2,500 కిలోగ్రాములు తూగుతుంది. కాబట్టి చదరపు మీటరు స్లాబు బరువు 310 కిలోగ్రాములకు పైనే. పైపూత, మనుష్యులు, సామాను కలిపి చదరపు మీటరుకు 560 కిలోగ్రాములు అనుకోవచ్చును. నడిమి గోడ రెండు గదుల కప్పులోను చెరి సగము మోస్తుంది. అనగా గోడ ప్రతి మీటరు పొడవుమీద 3.6 × 560, రమారమి 2,000 కిలోగ్రాములు. రెండు టన్నులు!

ఈ బరువుకు గోడ నలిగిపోతుందా? గోడ మందము 23 సెంటీమీటర్లు. మీటరు పొడవుకు దాని అడుగు వైశాల్యము 2,300 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క చదరపు సెంటీమీటరుమీద పడేది ఒక కిలోగ్రాముకన్న తక్కువ. ప్రమాణాలలో అట్టడుగు తరగతి ఇటుక సైతము చదరపు సెంటీమీటరుకు సుమారు 35 కిలోగ్రాముల నొక్కుడుకు ఆగవలెను. కట్టుబడిలో ఆ బలము ఎంతో తగ్గినా, ఒక అంతస్తు ఇంటిలో ఇంకా మిగులు ఉంటుంది. మామూలు ఇటుక గోడ కేవలము బరువుకు నలిగి కూలడము అరుదు. బరువు దిగే దారి తెగిపోయినప్పుడు గాని, గోడను నిలువుగా పట్టి ఉంచే తోడు పోయినప్పుడు గాని అది కూలుతుంది. ఈ రెండు కారణాలనూ మందము ఒక్కటే చూపలేదు.

పిల్లర్ల ఇంటిలో బయటి తొమ్మిదంగుళాల గోడ సాధారణముగా తన బరువు తప్ప కప్పు బరువు మోయదు. పాత ఇళ్ళలో నాలుగున్నర అంగుళాల గోడమీద అటక పలక, మెట్ల అంచు, ఒక్కొక్కచోట స్లాబు కొసకూడ ఆని ఉంటవి. కాబట్టి మందము ఒక సూచన మాత్రమే, తీర్పు కాదు. దూలాల కొసలు ఏ గోడమీద ఆగినవి? పై అంతస్తులో సరిగ్గా ఈ గోడమీదనే మరొక గోడ ఉన్నదా? స్లాబులోని ముఖ్యమైన ఊచలు ఏ దిక్కుగా పోతున్నవి? ఈ మూడు ప్రశ్నలు అంగుళాల కొలతకన్న ఎక్కువ చెబుతాయి. గోడను తట్టి చప్పుడు వినడము పూత ఊడినదీ లేనిదీ చెబుతుంది గాని, భారమును గూర్చి ఏమీ చెప్పదు.

మందమే బలమన్న నమ్మకానికి కిల్లారి పెద్ద సమాధానము. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలలో వచ్చిన భూకంపములో దాదాపు ఎనిమిదివేలమంది మరణించారు. అక్కడి పాత ఇళ్ళ గోడలు పలుచనివి కావు. రాళ్ళను మట్టితో పేర్చిన మిక్కిలి మందపు గోడలు. అయితే లోపలి వరుసను, బయటి వరుసను కలిపి పట్టే బంధపు రాళ్ళు లేనందున కుదుపుకు రెండు వరుసలూ విడిపోయినవి. బంధము లేని మందము, మీద పడే బరువుగా మారినది.

లింటెలు సూత్రము

ద్వారముపై లింటెలు వేయడము మంచి పద్ధతి. అయితే "ఎంత వెడల్పైనా" అనే మాటవద్ద సూత్రము తప్పుతున్నది.

ఇటుక కట్టుబడిలో ఒక సహజగుణము ఉన్నది. ద్వారముపైన ఉన్న గోడలో ఇటుకలు ఒకదానికొకటి ఆనుకొని కమానువలె పనిచేసి, బరువును ఇరుప్రక్కలకు మళ్ళిస్తాయి. లింటెలుమీద పడేది దాదాపు సమబాహు త్రిభుజమంత గోడ బరువు మాత్రమే. దీనికి రెండు షరతులున్నవి. ఆ త్రిభుజము పూర్తిగా ఇమిడేటంత ఎత్తు గోడ పైన ఉండవలెను. తోపుడును ఓర్చుకొనేటంత వెడల్పు గోడ ప్రక్కల ఉండవలెను.

పైన చెప్పిన నడిమి గోడలోనే ద్వారము పెట్టినచో ఏమగునో చూడవచ్చును. లింటెలుకు, స్లాబుకు నడుమ 0.9 మీటరు, అనగా మూడడుగుల గోడ ఉన్నది. ద్వారము వెడల్పు కూడ 0.9 మీటరు అయితే త్రిభుజపు ఎత్తు 0.78 మీటరు. అది గోడలో ఇమిడిపోతుంది. స్లాబు బరువు ప్రక్కలకు తప్పుకొని పోతుంది. లింటెలుపై పడేది సుమారు 150 కిలోగ్రాముల ఇటుక మాత్రమే.

ఇక ద్వారాన్ని 1.8 మీటర్లకు, అనగా ఆరడుగులకు పెంచినారనుకోవలెను. త్రిభుజపు ఎత్తు 1.56 మీటర్లు కావలెను. పైన ఉన్న గోడ 0.9 మీటరే. కమాను ఏర్పడడానికి చోటు చాలదు. స్లాబు బరువు తిన్నగా లింటెలుమీదికి దిగుతుంది. మీటరుకు రెండు టన్నుల చొప్పున 1.8 మీటర్లకు 3,600 కిలోగ్రాములు. నడుమ ఉన్న గోడ మరి 700 కిలోగ్రాములు. మొత్తము 4,300 కిలోగ్రాములు. ద్వారము రెండింతలైనది, లింటెలుమీది భారము సుమారు 28 రెట్లు అయినది! లింటెలును వంచజూచే భ్రామకము భారముతోను, పొడవుతోను కలిసి పెరుగుతుంది గనుక అది 40 రెట్లకు పైగా పెరుగుతుంది. మూడడుగుల ద్వారముపై నిశ్చింతగా ఉన్న లింటెలు కొలతనే ఆరడుగులకు వాడడము ఎంత సాహసమో ఈ అంకెలు చెబుతున్నవి. ఇది స్థూలమైన లెక్క. ప్రతి ఇంటికీ అంకెలు మారుతాయి. అయినా భారము వెడల్పుకు అనులోమముగా పెరగదన్న సంగతి మారదు.

ఇంకొక మాట. ఈ 4,300 కిలోగ్రాములలో చెరి సగము ద్వారానికి ఇరుప్రక్కల ఉన్న గోడముక్కలమీదికి చేరుతుంది. ద్వారము ఇంటి మూలకు జరిగినచో అక్కడ మిగిలేది ఒకటి రెండు ఇటుకల వెడల్పు. లింటెలు గట్టిదే అయినా దాని కాళ్ళు బలహీనమైనవి.

పని జరిగేటప్పటి ప్రమాదము వేరు. కొత్త లింటెలు పడి గట్టిపడేలోపల కప్పును పట్టేదెవరు? ముందు ఇరువైపుల గట్టి పోట్లు నిలిపి, బరువును వాటిమీదికి మార్చిన పిమ్మటనే గోడను ముట్టవలెను. గోడ తీసి, తరువాత ఆధారము వెదకడము క్రమమును తలక్రిందులు చేయడమే.

అడ్డగోడ సూత్రము

నాలుగు సూత్రాలలో మిక్కిలి మోసపుచ్చేది ఇదే. అడ్డగోడమీద కప్పు ఆనలేదని నిర్ధారణ చేసుకొన్న జాగ్రత్తపరుడుకూడ ఇక్కడ పొరబడగలడు. గోడకు రెండు ఉద్యోగాలున్నవి. ఒకటి పైనుంచి వచ్చే బరువును మోయడము. రెండవది ప్రక్క గోడను పడకుండ పట్టడము. ఈ రెండవ ఉద్యోగము మామూలు రోజులలో కనిపించదు.

పొడవైన గోడ నిలబెట్టిన పుస్తకపు అట్టవంటిది. దాని తలానికి అడ్డముగా త్రోస్తే సులభముగా పడుతుంది. దానికి లంబముగా మరొక గోడ కలిసి ఉన్నచోట మాత్రము కదలదు. గోడ పైకొస దేనికీ బంధింపబడనప్పుడు రెండు అడ్డగోడల నడుమ ఉన్న భాగము, రెండు కొసల ఆధారమున్న దూలమువలె ప్రక్క తోపుడును ఓర్చుకోవలెను. నడుమ ఒక అడ్డగోడను తీసివేస్తే ఆ పొడవు రెండింతలగును. అదే తోపుడుకు వంపు భ్రామకము నాలుగింతలు, వంపు పదహారింతలు అగును. బరువు ఏమీ మోయని గోడ తీసివేయగా వచ్చిన ఫలితమిది.

తోపుడు ఎక్కడినుంచి వస్తుందని అడుగవచ్చును. తుపాను గాలినుంచి, నేల కుదుపునుంచి. గోదావరి లోయ కుదుపులు ఎరుగని నేల కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతములో 5.7 పరిమాణపు భూకంపము వచ్చినది. 2024 డిసెంబరు 4 ఉదయము ములుగు జిల్లాలో కేంద్రముగా 5.3 పరిమాణపు కుదుపు వచ్చి, చాల జిల్లాలలో జనము వీధులలోకి వచ్చారు. 2002లో సవరించిన భూకంప మండలాల పటము భద్రాచలం పరిసరాలను మూడవ మండలములో, అనగా ఓ మోస్తరు ప్రమాదమున్న ప్రాంతాలలో చేర్చినది. ఓపెన్‌కాస్ట్ గనుల ప్రేలుళ్ళవలన పుట్టే కంపనము దీనికన్న ఎంతో చిన్నది, అయినా మరల మరల వచ్చేది. గనుల భద్రతాధికారులు 1997లో దానికి హద్దులు పెట్టారు. ఇతరుల నివాసగృహాలవద్ద, కంపనపు ఆవృత్తి సెకనుకు ఎనిమిదికన్న తక్కువైనప్పుడు నేల కదలిక వేగము సెకనుకు 5 మిల్లీమీటర్లు మించరాదని వాటిలో ఒకటి. అటువంటి హద్దు తన తోడుగోడలతో నిలిచిన ఇంటికి ఎంత రక్షణ ఇచ్చినా, తోడుగోడను పోగొట్టుకొన్న ఇంటికి అంత ఇవ్వజాలదు.

పిల్లర్ల ఇంటిలోనైనా "గోడకు పనిలేదు" అనడము అర్ధసత్యమే. ఇటుకలు నింపిన చట్రము ఖాళీ చట్రముకన్న ఎంతో బిగువుగా ఉంటుంది. పై అంతస్తులలో గోడలు ఉంచి, క్రింద దుకాణానికో వాహనాలకో గోడలన్నీ తీసివేస్తే, కుదుపులో కదలిక అంతా క్రింది పిల్లర్లమీదనే పడుతుంది. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపములో, అహమ్మదాబాదులో క్రింద గోడలు లేక పిల్లర్లమీద నిలిపిన పెక్కు భవనాలు ఈ కారణముగానే దెబ్బతిన్నవి, కొన్ని కూలినవి.

"ఇన్నేళ్ళు నిలిచినది"

ఇల్లు నిలిచి ఉండడము దాని బలానికి సాక్ష్యమే. అయితే ఆ సాక్ష్యము పాత ఇంటిని గూర్చినది. గోడ తీసివేసిన మరునాటినుంచి అది వేరొక ఇల్లు. దానికి చరిత్ర లేదు. మీదుమిక్కిలి, నేలా గోడా కూడ మారుతూ ఉంటాయి. భద్రాచలంవద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71 అడుగులకు పైగా పెరిగినది. మట్టి గోడ ఎండలో ఎంత గట్టిగా ఉన్నా, తడిసినప్పుడు తన బలములో అధికభాగము కోల్పోతుంది. ముంపు తీసిన తరువాత పైకి ఆరినట్లు కనిపించే గోడకు అడుగుభాగము మెత్తబడి ఉండవచ్చును. అటువంటి గోడకు కొత్త ద్వారము తొలవడము, దానిమీద రేకులు తీసి స్లాబు వేయడము ప్రమాదమునకు ఆహ్వానము.

2025 మార్చి 26న భద్రాచలంలో నిర్మాణములో ఉన్న బహుళాంతస్తుల భవనము కూలి కార్మికులు మరణించారు. పాత కట్టడముమీద అంతస్తులు లేపారని అప్పటి పత్రికలు వ్రాసినవి. ఒక్కొక్క ప్రమాదపు కారణాలు నిర్ణయించవలసినది విచారణ. సాధారణ సూత్రము మాత్రము స్పష్టమే: క్రింది గోడ మోసిన పాత బరువు, అది మోయగల కొత్త బరువుకు హామీ కాదు.

ఒక్క గోడ పోతే ఎంత పోతుందో లండనులోని రోనన్ పాయింట్ చూపినది. 1968 మే 16న ఆ 22 అంతస్తుల భవనములో 18వ అంతస్తున వంటగ్యాసు ప్రేలి, బరువు మోసే గోడపలక బయటికి ఎగిరిపోయినది. ఆధారము పోయిన పై అంతస్తులు కూలి, ఆ దెబ్బకు క్రిందివి కూలి, భవనపు మూల ఒకటి పూర్తిగా నేలరాలినది. నలుగురు మరణించారు. బరువుకు రెండవ దారి లేని కట్టడము ఎంత క్రొత్తదైనా అపాయకరమని ఇంజనీర్లు అప్పుడు గ్రహించారు.

నిబంధనల గుణదోషాలు

ఈ జ్ఞానము నిబంధనలలో లేదని అనుకోరాదు. భారతీయ ప్రమాణాల సంస్థ 1993లోనే మట్టి ఇళ్ళకు ఐ.ఎస్. 13827, అల్పబలపు కట్టుబడులకు ఐ.ఎస్. 13828 అనే మార్గదర్శక సూత్రాలను వెలువరించినది. మట్టి గోడలో ఏ ద్వారమూ 1.2 మీటరుకన్న వెడల్పు కారాదు, బయటి మూలనుంచి 1.2 మీటరైనా విడువవలెను, గోడ ఎత్తు మందానికి ఎనిమిది రెట్లు మించరాదు అన్నవి వాటిలో కొన్ని. ఐ.ఎస్. 4326 ప్రకారము, బరువు మోసే ఇటుక గోడలున్న ఒక అంతస్తు ఇంటిలో ద్వారాల, కిటికీల మొత్తము వెడల్పు గోడ పొడవులో సగమునకో, భూకంప ప్రమాదాన్నిబట్టి కొంచెము హెచ్చుకో పరిమితము. అంతస్తులు పెరిగితే ఇంకా తక్కువ. ఇల్లంతటినీ చుట్టి పట్టే లింటెలు పట్టీకి ఆ ప్రమాణము గొప్ప ప్రాముఖ్యము ఇచ్చినది. గొట్టాలకు గాడి కొట్టేవారికి ఐ.ఎస్. 1905 హద్దు చెప్పినది: నిలువు గాడి గోడ మందములో మూడవ వంతును, అడ్డ గాడి ఆరవ వంతును మించరాదు. తొమ్మిదంగుళాల గోడకు నిలువున మూడంగుళాలు, అడ్డముగా అంగుళమున్నర మాత్రమే.

ఇవి శాస్త్రసమ్మతములు, సరళములు. కొనియాడదగినవి. అయితే రెండు లోపాలున్నవి. ఈ సూత్రాలు చాలవరకు కొత్త ఇల్లు కట్టేవానిని ఉద్దేశించినవి. కట్టిన ఇంటిలో గోడ తీయదలచిన గృహస్థుకు "ఇది తీయవచ్చును, ఇది తీయరాదు" అని చెప్పేటట్లు కూర్చలేదు. రెండవది భాష. ఆంగ్ల సాంకేతిక పరిభాషలో వ్రాసిన నియమము సుత్తి పట్టిన మేస్త్రీ చెవికి చేరదు. లింటెలు పట్టీని కోసి వెంటిలేటరు పెట్టరాదని ఎరిగినవాడు కోయడు. ఎరుగనివానికి అది అడ్డమువచ్చిన కాంక్రీటు ముక్క మాత్రమే. 2020లో వచ్చిన తెలంగాణ చట్టము పట్టణాలలో 75 చదరపు గజాల స్థలములో ఏడు మీటర్ల ఎత్తువరకు కట్టే ఇంటికి అనుమతి అవసరము లేదన్నది. పేదవానికి అది మేలే. అనుమతి తగ్గినకొద్దీ అవగాహన పెరగవలెను. ఆ రెండవ పని చట్టము చేయలేదు, చదువు చేయవలెను.

పాఠశాల చేయగల పని

బలము, భ్రామకము, గురుత్వకేంద్రము ఉన్నత పాఠశాల పాఠాలే. వాటిని తక్కెడతో, తులాదండముతో ఆపివేయనక్కరలేదు. మూత తీసిన పొడవాటి అట్టపెట్టె ఒకటి చాలును. పొడవు గోడ నడుమ వ్రేలితో నెట్టి ఎంత వంగినదో కొలవవలెను. తరువాత లోపల నడిమధ్య ఒక అట్టముక్కను అడ్డముగా అంటించి, అదే చోట కాక దానికి, మూలకు నడుమ నెట్టి చూడవలెను. బరువేమీ మోయని అడ్డగోడ ఏమి చేస్తున్నదో కంటికి కనిపిస్తుంది. సన్నని చెక్క స్కేలును రెండు పుస్తకాలమీద 15 సెంటీమీటర్ల ఎడముతోను, 30 సెంటీమీటర్ల ఎడముతోను ఉంచి, నడుమ ఒకే బరువు పెడితే, రెండవసారి వంపు సుమారు ఎనిమిదింతలు ఉంటుంది. ద్వారము వెడల్పు సంగతి చెప్పడానికి ఇంతకన్న మంచి సాధనము లేదు.

పిమ్మట ప్రతి విద్యార్థి తన ఇంటి పటము గీయవచ్చును. కప్పు ఆనిన గోడలకు ఒక రంగు, ప్రక్క గోడను పట్టే గోడలకు మరొక రంగు, రెండు పనులూ చేసే గోడలకు రెండు రంగులూ వేయవలెను. రంగులేని గోడలు చాల తక్కువగా మిగులుతాయి. ద్వారపు మూలనుంచి ఏటవాలుగా పాకే పగులు, అగ్గిపుల్ల దూరేటంత పగులు, క్రొత్తగా బిగుసుకొన్న తలుపు, కడుపు ఉబ్బిన గోడ ఉన్నచో పటములో గుర్తుపెట్టవలెను. అవి ఇంజనీరుకు చూపవలసిన చోట్లు.

మేకు కొట్టడము, సున్నము వేయడము, పూత బాగుచేయడము ఇంటివారు చేసుకోదగిన పనులే. గోడలో రంధ్రము ద్వారమంత అయినప్పుడు, గోడ మొత్తము పోయేటప్పుడు, పైన అంతస్తు పెరిగేటప్పుడు మాత్రము లెక్క తెలిసినవాని సలహా తప్పదు. ఆ సలహాకయ్యే ఖర్చు ఎక్కువనిపించినచో, కూలిన కప్పును మరల లేపడానికయ్యే ఖర్చుతో పోల్చి చూడవలెను. మనుష్యుల విషయములో ఆ పోలికకూడ సాధ్యము కాదు.

వాడుక సూత్రాలు నాలుగూ "ఈ గోడ బరువు మోస్తుందా?" అనే ఒక్క ప్రశ్నకే జవాబులు. అడగవలసిన ప్రశ్నలు రెండు: ఈ గోడమీద ఏమి ఆని ఉన్నది? ఈ గోడను ఆనుకొని ఏమి నిలిచి ఉన్నది? రెంటికీ జవాబు దొరికిన తరువాతనే సుత్తి ఎత్తవలెను.